పేరు రాయలేని ఫిర్యాదు

వెబ్‌సైట్ ఫిర్యాదుల అధికారి గారికి నమస్కారం.

అత్తాకోడళ్ల మీద నేను మారుపేరుతో, ముఖం చూపకుండా చెప్పిన హాస్యకథలను ఒకామె మాట పొల్లుపోకుండా తన గొంతుతో చెప్పుకుంది. పైగా అవి తనవేనని ముందుగా ఫిర్యాదు చేసింది. మీరు నావి తీసేశారు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టయింది.

శుక్రవారంలోగా నేను అసలు పేరు, చిరునామాతో జవాబివ్వాలని, చట్టప్రకారం ఆ వివరాలు ఆమెకూ పంపుతామని రాశారు. ఆమె వాటిని నలుగురిలో పెడితే నా గతేమిటి? కథల్లోని అత్తగారు మా అత్తగారే.

నిన్న నేనూ అత్తగారూ బట్టలు మడతపెడుతుంటే, ఆ దొంగ గొంతుతో నా బిస్కెట్ డబ్బా కథ అత్తగారి ఫోన్‌లో వచ్చింది. డబ్బా ఎవరు తెరిచారో కనిపెట్టడానికి మూత కింద దారప్పోగు పెట్టే అత్తగారి కథ అది. మా అత్తగారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

"నాలాంటిది ఇంకొకతె ఉందన్నమాట," అన్నారు. కాసేపటికి నవ్వు ఆపి, "ఇంటి గుట్టు రచ్చకెక్కించిన ఆ కోడల్ని నేనైతే మళ్లీ గడప తొక్కనివ్వను. నువ్వు నయమమ్మా, నోట్లో నాలుక లేనిదానివి," అన్నారు.

నేను దుప్పటి రెండో కొస అందుకున్నాను.

పేరు లేకుండా జవాబు తీసుకునే దారి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి. లేకపోతే ఆ కథలు ఆమెవే అనుకోండి.

ఇట్లు,
వాటిని చెప్పిన కోడలు