అందరికీ పద్దెనిమిదే

జూలై 8, మంగళవారం
వార్డులో ముప్పై మంది ఆడవాళ్లు. ఒకరికి ఆయాసం, ఒకరికి మలేరియా, ఒకరికి కాలి పుండు. చార్టుల్లో మాత్రం అందరి ఊపిరీ నిమిషానికి పద్దెనిమిది. నిన్నా అంతే, మొన్నా అంతే. ఇదేంది?
పొద్దుటి చార్టులు రాసేది సరిత. అసలు లెక్కపెడుతుందా?

జూలై 9
సరితను కనిపెట్టి చూశా. బీపీ చూస్తుంది, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడుతుంది, జ్వరం చూస్తుంది. రొమ్ము ఎగిసిపడుతుందా లేదా - ఆ వంక చూడదు. చేతికి వాచీ లేదు.
అడగలేదు. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు దగ్గర మనిషి.

జూలై 10
పదకొండో బెడ్, పేరు కోసి. ఆదివారం చింతలనార్ నుంచి వచ్చింది, కాలి పుండు, జ్వరం. తోడు వాళ్లక్క జోగి. వాళ్ల మాట దోర్లి. మా ఊరు కోంటలో, మా దుకాణానికి వచ్చేవాళ్ల మాట వినీ వినీ నాకు సగం తెలుస్తుంది.
జోగి నా చెయ్యి పట్టుకుంది. "పొద్దున్నించి నన్ను అమ్మా అంటాంది. మా అమ్మ ఎప్పుడో పాయె."
సరితకు సైగలతో చెప్పిందంట. 'బుఖార్ హై', జ్వరమేలే అని పోయిందంట ఆవిడ.
చార్టు - పద్దెనిమిది.
దుప్పటి తీసి, వాచీ చూస్తూ, నిమిషం నిండా లెక్కపెట్టా. ముప్పై నాలుగు. నమ్మలేక మళ్లీ. ముప్పై ఆరు. చేతులు మంచులా. పొద్దున్నించి ఒంటేలుకు పోలేదు. పుండు విషం రక్తానికెక్కినట్టుంది, బీపీ ఒక్కటే ఇంకా పడలేదు... అదే మోసం.
పన్నెండున్నరకు డాక్టరుకు ఫోన్. "బీపీ బాగుంది కదా సిస్టర్, తర్వాత చూస్తా." ఇంకోసారి - "చెప్పాను కదా!" మూడోసారి - "సార్, మీరొచ్చేదాకా ఈ బెడ్ వదలను. ఫోన్ చేసిన టైములు రాస్తున్నా."
వచ్చాడు. కోసి నాడి పట్టుకున్నాడు. సెలైన్, ఇంజెక్షన్, రక్తం పరీక్ష... ఐసీయూకి తీసుకుపోయేసరికి బీపీ డెబ్బై. స్ట్రెచర్ వెంట జోగి ఒట్టి కాళ్లతో పరుగు.

జూలై 11
బతికుంది.

జూలై 12
కోసి జబ్బు ముందే ఎందుకు పట్టుకోలేదని పైవాళ్లు అడిగారంట. సోమవారం విచారణ, మేట్రన్ గదిలో.
కోసి ఫైలు తీశా. పాత పేజీ లేదు. కొత్తది ఉంది. ఇరవై, ఇరవై, ఇరవై రెండు... ఐదు రోజుల రాత, ఒకే పెన్ను. గురువారం పక్కన - 'ఉదయం తొమ్మిదికి డాక్టరుకు తెలిపాము.'
ఎవరు తెలిపారు? ఎవరూ తెలపలేదు.
మొత్తం డాక్టరు నెత్తిన వేస్తున్నారు.

జూలై 13
సరితను మెట్ల దగ్గర ఆపి అడిగేశా. ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు.
"నేను రాయలేదు దీదీ. ఇన్‌ఛార్జి సిస్టర్ రాసింది. పాత పేజీ తీసేయకముందే ఫోటో తీసి పెట్టుకున్నా, చూస్తారా?"
చూశా. సోమవారం, మధ్యాహ్నం రెండు. పద్దెనిమిది. కింద సంతకం... నాది.
ఆ పూట ముగ్గురు కొత్త పేషెంట్లు వచ్చారు. ఒకరి సెలైన్ ఆగిపోయింది. కోసి దగ్గర నిలబడ్డానా? బీపీ చూసినట్టు గుర్తు. లెక్కపెట్టినట్టు... లేదు.
"కొత్త పేజీలో మీదీ ఇరవై చేశారు దీదీ. మిమ్మల్నీ కాపాడారు."
కాపాడారో, కట్టిపడేశారో.
ఇన్నాళ్లు ఆమెను చూస్తూ కూచున్నా. నన్ను చూసుకోలేదు.

జూలై 14, సోమవారం
పొద్దున్నే సరిత ఫోటో పంపింది. కింద ఒక్క మాట లేదు. చూపించమనా, చెరిపేయమనా? లేక నేనేం చేస్తానో చూద్దామనా?
మేట్రన్ గది బయట బెంచీ మీద రాస్తున్నా. లోపల డాక్టరు గొంతు లేస్తోంది - "తొమ్మిదికి నాకెవరు చెప్పారు? ఎవరు?"
మూడు ఫోన్లు చేయించుకున్న మనిషి. ఆయన మీద నాకేం జాలి లేదు. కానీ ఆ మాట మాత్రం నిజం.
ఇన్‌ఛార్జి సిస్టర్ తలుపు తీసి నన్ను చూసింది. నవ్వింది. "రా, నీ వంతు."
నా సంతకం ఉన్న ఆ ఫోటో తెరిచే ఉంది, ఫోన్ చేతిలోనే ఉంది -