ఐదు వందల యూరోల్లో మంచి నలుపు

నవంబర్ 24, శుక్రవారం

పాత టీవీ పోయి పన్నెండు రోజులు. ఇవాళ కొత్తది తెచ్చాను. యాభై ఐదు అంగుళాలు. ఐదు వందల యూరోలు దాటకూడదని మా ఆవిడ సైలా ముందే చెప్పింది. దాటలేదు.

పన్నెండు రోజులూ బస్సు డ్యూటీ దిగగానే రివ్యూలే చదివాను. సినిమాకైతే నలుపు నల్లగా ఉండాలి. గేమ్స్‌కైతే బటన్ నొక్కిన మరుక్షణం తెర మీద మనిషి కదలాలి. ఐదు వందల్లో ఈ రెండూ కలిపి దొరకవని ప్రతివాడూ రాశాడు. నాకు దొరికింది.

సాములికి ఫోటో పంపాను. సైలా తమ్ముడు. పన్నెండు వందలు పోసి కొన్న టీవీలో వాడు వంటల ప్రోగ్రాములు చూస్తాడు. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన.

నవంబర్ 25, శనివారం

ప్రతి శనివారం లాగే సాములి వచ్చాడు. సౌనాలో ఆవిరి పట్టి, సాసేజ్‌లు కాల్చుకు తిని, టీవీ ముందు ఆటకి కూర్చున్నాం. ముందు ఐస్ హాకీ. నేనే గెలిచాను. తర్వాత సొరంగాల యుద్ధం. పదకొండు సార్లు చచ్చాను. ఎవడు ఎటునుంచి కాలుస్తున్నాడో తెలిస్తే కదా. తెరంతా తారు పూసినట్టుంది. పదేళ్లుగా ఈ ఆటలో నన్ను ఓడించినవాడు లేడు.

టీవీ నీడల్ని మింగేస్తోందన్నాను. సాములి పడీ పడీ నవ్వాడు.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. నాకన్నీ కనబడుతున్నాయి కదా బావా.”

వాడికి కనబడతాయి. పిక్చర్ క్వాలిటీ అంటే ఏమిటో తెలియనివాడికి ఏదైనా బాగానే ఉంటుంది. సైలా ఎదురుగానే వాడికీ మాట చెప్పాను. ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. హాయిగా అనిపించింది.

నవంబర్ 27, సోమవారం

సూపర్‌వైజర్ పిలిచాడు. గురువారం సాయంత్రం ట్రిప్పులో, ఊరి చివర మిల్లు స్టాపు దగ్గర ఒక ముసలావిడ చెయ్యెత్తినా నేను ఆపకుండా పోయానట. పేరు హిల్కా, డెబ్బై తొమ్మిదేళ్లు. మైనస్ పంతొమ్మిదిలో యాభై నిమిషాలు తర్వాతి బస్సు కోసం నిలబడిందట. వేళ్లు కొయ్యబారాయట.

ఆవిడ కోటుకి రిఫ్లెక్టర్ లేదని రాసిచ్చాను. ఉంటే కనబడేది. మా ఊరు ఔలులో ఈ రోజుల్లో మధ్యాహ్నం రెండున్నరకే చీకటి. ఆ మెరిసే బిళ్ల లేకుండా బడిపిల్లల్ని కూడా గడప దాటనివ్వరు. నల్ల కోటు వేసుకుని రోడ్డు పక్కన నిలబడి, ఆపలేదని ఏడిస్తే ఎలా.

పదిహేడేళ్ల సర్వీసులో ఇది మొదటి ఫిర్యాదు. సూపర్‌వైజర్ నా మాటే నమ్మాడు. డిసెంబర్ పన్నెండున లైసెన్సు మెడికల్ ఉందని గుర్తు చేశాడు. అందులో పాసైతేనే స్టీరింగ్.

నవంబర్ 28, మంగళవారం

టీవీ వెనక్కిచ్చి ఇంకొకటి తెచ్చాను. షాపులో అమ్మాయి నా ఎదుటే గుహ సీను పెట్టి చూసింది, లోపమేమీ లేదంది. ముక్కుకి రెండు పోగులు పెట్టుకున్న పిల్ల నాకు చెబుతోంది. ఆ గుహలో నాకు కనబడింది నా టోపీ నీడ ఒక్కటే.

డిసెంబర్ 2, శనివారం

ఇదీ డబ్బాయే. తొమ్మిది సార్లు చచ్చాను.

డిసెంబర్ 4, సోమవారం

కిటుకు దొరికింది. షాపులో గోడకి వేలాడే టీవీలన్నీ ధగధగలాడుతుంటాయి. షోరూం మోడ్ అట. వెలుగు మొత్తం పైకి లాగి పెడతారు. మూడోది తీసుకుని, అలాగే ఉంచి ఇమ్మన్నాను. ఇంట్లో ఎవరూ అలా పెట్టుకోరని, కళ్లు మండుతాయని అమ్మాయి అంది. నా కళ్లు మండలేదు. ఇంటికొచ్చి సొరంగాల్లోకి దిగాను. మనుషులు కనబడ్డారు! మూడు గంటలు ఆడాను. నేను మళ్లీ పాత యార్నోనే.

డిసెంబర్ 6, బుధవారం

స్వాతంత్ర్య దినం. కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగించాం. దేశమంతా చూసినట్టే మేమూ టీవీలో అధ్యక్షుడి కోటలో విందు చూశాం, ఎవరు ఏ గౌను వేసుకున్నారో చూసి వెక్కిరించుకున్నాం. నా టీవీలో అతిథులందరూ క్యారెట్ సూపులో పడి లేచినట్టున్నారని సాములి అన్నాడు. ఈ రంగులు మామూలు కళ్లకి అర్థం కావన్నాను. సైలా నవ్వలేదు. తెర వైపు కాదు, నా వైపు చూస్తోంది.

డిసెంబర్ 7, గురువారం

డ్యూటీ నుంచి వచ్చేసరికి సైలా టీవీని మామూలు మోడ్‌లోకి మార్చేసింది. ఏదో సినిమా పెట్టి, మధ్యలో ఆపి, ఏం కనబడుతోందని అడిగింది. నలుపన్నాను. మరీ గొప్ప నలుపు కాదు గానీ ఐదు వందలకి ఎక్కువే అన్నాను.

సైలా వచ్చి నా పక్కన కూర్చుంది.

“అందులో నలుగురున్నారు, యార్నో,” అంది. “ఒకామె ఏడుస్తోంది.”

అబద్ధమన్నాను. రిమోట్ తీసుకుని వెలుగు పెంచుకుంటూ పోయింది. ఒకడు. ఇద్దరు. ముగ్గురు. ఏడుస్తున్నామె ఎక్కడని అడిగితే కుడి అంచు చూపించింది. తల తిప్పితే గాని కనబడలేదు.

భయం వేసింది. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

డిసెంబర్ 8, శుక్రవారం

సైలా ముసలివాళ్ల ఇళ్లకి తిరిగే నర్సు. హిల్కా కూడా తన లిస్టులోనే ఉందట. రెండు వారాలుగా ఆవిడ వేళ్లకి కట్టు కడుతున్నది తనేనట. పేషెంట్ల సంగతులు ఇంట్లో మాట్లాడకూడదు, మాట్లాడలేదు. ఇవాళ మాట్లాడింది.

“రెండు వేళ్ల కొసలు తీసేశారు. రిఫ్లెక్టర్ లేదని రాసిచ్చావట కదా? రెండున్నాయి. ముందొకటి, వెనకొకటి. నా చేత్తో నేనే తగిలించాను.”

లేచి టీవీ కట్టేశాను.

పన్నెండో తారీఖున డాక్టరుకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అంది. బస్సు దిగితే నాకేం మిగులుతుందని అడిగాను. నలభై ఐదేళ్ల వాణ్ణి, స్టీరింగ్ తప్ప చేతికి ఏమీ రాదు. నీ లిస్టులో ఇంకో పేరు రాసుకో, నాకూ అన్నం తినిపించి వెళ్దువు గానిలే అన్నాను. ఏడ్చింది. ఆ ఏడుపు మాత్రం వెలుగు పెంచకుండానే కనబడింది.

చివరికి నేనే చెబుతానన్నాను.

డిసెంబర్ 12, మంగళవారం. మధ్యాహ్నం

చెప్పలేదు.

గది నిండా లైట్లు. అక్షరాల పట్టీ చివరి వరుస దాకా గడగడా చదివేశాను. పక్కచూపు ఎలా ఉందో చూడాలని డాక్టరు చేతులు చాచి వేళ్లు ఆడించాడు. వేలు ఆడేముందు ఆయన భుజం కదులుతుంది. భుజం చూసి కనబడిందన్నాను. ఆరుసార్లూ సరిపోయింది. చీకట్లో ఇబ్బందేమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను. టీవీ గురించి కాసేపు మాట్లాడుకున్నాం. వాళ్లబ్బాయికి గేమ్స్‌కి ఒకటి కావాలట, తక్కువలో ఏది మంచిదని అడిగాడు. చెప్పాను. సంతకం పెట్టాడు.

అదే రోజు, సాయంత్రం

మందుల షాపులో కంటి చుక్కలు కొని ఇంటికెళ్లాను. డాక్టరుకి అంతా చెప్పానన్నాను. కళ్లు పొడిబారాయని, నెల రోజులు చుక్కలు వేస్తే పోతుందని అన్నాడన్నాను. నర్సు కదా, పట్టేస్తుందనుకున్నాను. సంతకం చూసి, నన్ను పట్టుకుని, తప్పుగా అనుకున్నాను క్షమించు అంది. నమ్మాలని ఉన్నవాళ్లని నమ్మించడం ఇంత తేలికా? రాత్రి భోజనంలోకి నాకిష్టమైన సాల్మన్ సూపు చేసింది. రెండుసార్లు పోయించుకున్నాను.

డిసెంబర్ 16, శనివారం

పొద్దునా సాయంత్రం సైలాయే చుక్కలు వేస్తోంది. తల ఒళ్లో పెట్టుకుని, రెప్ప మెల్లగా ఎత్తి. ఉత్త ఉప్పునీళ్లు. టీవీ మళ్లీ షోరూం మోడ్‌లో ఉంది. తనే మార్చింది.

సాములి సొరంగాల్లో పదకొండు సార్లు ఓడిపోయాడు. నా ఎదురుగా వచ్చి నిలబడి మరీ చచ్చాడు. అక్క చెప్పి ఉంటుంది. వాడి జాలి వాడి దగ్గరే ఉండనీ. ఆట చేతకాని వెధవవని ముఖం మీదే అన్నాను.

డిసెంబర్ 18, సోమవారం. ఉదయం 6:50

మొదటి ట్రిప్పు. సోమవారాలు నిలబడే చోటుండదు. మైనస్ ఇరవై రెండు.

పద్నాలుగు స్టాపులు. ఎక్కడా ఎవరూ లేరు. ఆరు నిమిషాలు ముందే చేరాను.