సర్దుకోని వైర్లు

ఏమండీ, అత్తయ్య గది ఫ్యూజు నా బ్యాగులో ఉంది, వెతక్కండి. దాని బదులు తీగ ముక్క పెట్టి కరెంటు ఇవ్వకండి.

మొన్న మీరు ఆవిడ మంచం తలవైపు గోడలో బిగించిన జంక్షన్ బాక్స్ మూత పొద్దున్నే తీసి చూశాను. అరచేతిలో సగం లేని డబ్బాలో పదకొండు వైర్లు కుక్కారు. మూత పడకపోతే చెప్పు మడమతో కొట్టి మరీ బిగించారట. "మావాడిది భలే పట్టుదల" అని అత్తయ్య మురిసిపోతూ చెప్పింది. ఆ పట్టుదలకు ఒక వైరు నలిగి లోపలి రాగి కనిపిస్తోంది. పక్కన ప్లాస్టిక్ అప్పుడే మాడింది.

నా ఎలక్ట్రికల్ షాపులో ఎవరు బాక్స్ అడిగినా, ఎన్ని వైర్లు కలుస్తాయో తెలుసుకోకుండా నేను ఇవ్వను. ఇంట్లో అదే అడిగితే "సర్దుకుంటాయిలే" అన్నారు. పన్నెండేళ్లుగా నాతోనూ అదే మాట. నేను సర్దుకున్నాను కాబట్టి వైర్లూ సర్దుకుంటాయనుకున్నట్టున్నారు. అవి ఇరుకైతే వేడెక్కుతాయి. నేనూ వేడెక్కుతూనే ఉన్నాను, కాలిన వాసన రాలేదు కాబట్టి మీకు తెలియలేదు.

సాయంత్రం లోతుగా ఉండే పెద్ద బాక్స్ తెస్తాను. ఈలోగా గోడలో గుంత పెద్దది చేసి ఉంచండి. వైర్లు మాత్రం ముట్టుకోకండి, నేనే కలుపుతాను.

అత్తయ్యను భయపెట్టకండి. గాలి కోసమని చెప్పి మంచం కిటికీ వైపు జరిపాను. అక్కడ ఎండ పడుతుంది, కాస్త తెర వేయండి. ఎండ తగులుతోందా అని అడిగినా ఆవిడ చెప్పదు. నాతో కూడా "సర్దుకుంటానులే అమ్మాయ్" అంది.