అక్క ఇంటి మీదుగా నాలుగు ఆదివారాలు

మాదాపూర్,
సోమవారం

అన్నయ్యకు,

చెల్లెలు రాజ్యలక్ష్మి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. నీ బీపీ, వదిన మోకాళ్ల నొప్పి ఎలా ఉన్నాయో విడివిడిగా రాయి. "అంతా బాగే" అని ఒక్క ముక్కలో తేల్చకు.

నీ ఉత్తరంలో "అక్కను చూసి వచ్చావట, మనసు కుదుటపడింది" అని రాశావు. నేను చూడలేదు. మా రవి నీకు ఫోన్‌లో "అమ్మకు పెద్దమ్మ ఇల్లు చూపించాను మామయ్యా" అన్నాడు కదా, ఆ చూపించడం ఏమిటో చెబుతాను.

వాడి గదిలో మూడు తెరలు, బల్లకు బిగించిన ఒక పిడి ఉన్నాయి. అది విమానం నడిపే ఆట. ఆదివారం పదకొండింటికి నన్ను పక్కన కూర్చోబెట్టి ఊరి మీద తిప్పుతాడు. "అమ్మా, అదిగో దుర్గం చెరువు. ఇంత ఎత్తు నుంచి నీకెవరు చూపిస్తారు?" అంటాడు. చెరువు బాగానే ఉంది, కాదనను. రోడ్ల మీద కార్లున్నాయి, ఒక్క మనిషి లేడు.

కూకట్‌పల్లి మీదికి రాగానే "పెద్దమ్మ వాళ్ల ఇల్లు" అని వేలు పెట్టి చూపించాడు. ఆ ఇంటికి తలుపు లేదు, బాల్కనీ లేదు.

"అయితే దించు," అన్నాను.

"అక్కడ రన్‌వే లేదమ్మా. దించితే కూలిపోతాం," అని నవ్వాడు.

"కారులో తీసుకెళ్లు."

"ఆ ట్రాఫిక్‌లో రెండు గంటలు నీ నడుం ఆగదు. వచ్చే వారం చూద్దాం."

నా పుస్తకంలో రాసుకున్నాను. నాలుగు ఆదివారాలు, ఒక్కోసారి నలభై నిమిషాలు. తుంటి విరిగి మంచాన పడిన అక్కకు దగ్గరగా ఉందామనే కదా నేను తెనాలి వదిలి వచ్చాను. వచ్చి పద్నాలుగు వారాలు. గేటు దాటింది మూడుసార్లు, మూడూ కంటి డాక్టరు కోసం. ఈ పద్నాలుగో అంతస్తులో ఏసీ చలికి పెరుగు కూడా తోడుకోదు.

నీ ఉత్తరం చదివిన రోజే చీర మార్చుకుని కిందికి దిగాను. గేటు దగ్గర వాచ్‌మన్ యాదయ్య అడ్డం వచ్చాడు.

"ఒక్కదానివే ఏడికి పోతున్నవమ్మా? సార్‌కు ఫోన్ చెయ్యనా?"

"చెయ్యి. మీ అమ్మ కూకట్‌పల్లి వెళ్లింది, ఎగిరి కాదు, ఆటోలో అని చెప్పు."

"సార్ నన్ను తిడ్తడు గద."

"నా పేరు చెప్పు. తిట్టడు."

ఆటో అతనే పిలిచి ఎక్కించాడు. నలభై రెండు నిమిషాలు పట్టింది. నడుం ఆగింది.

అక్క సగమైపోయింది అన్నయ్యా. నన్ను చూడగానే "చివరికి దిగావుటే?" అంది. నాకు అర్థం కాలేదు. రవి ఆమెకూ ఫోన్ చేశాడట, "ఆదివారం పదకొండింటికి అమ్మను మీ ఇంటి మీదుగా విమానంలో తిప్పుతున్నా పెద్దమ్మా" అని. కంప్యూటర్‌లో అని చెప్పాలని వాడికి తోచలేదు.

"నాలుగు ఆదివారాలూ కోడలు పద్మ చేత మంచం బాల్కనీలోకి జరిపించుకున్నాను," అంది అక్క. "అంత ఎత్తున నువ్వు నా కంటికెలాగూ ఆనవు. నేను నీకు కనపడాలని ఆ ఎర్ర దుప్పటి కప్పుకున్నాను. కనపడిందా?"

కనపడింది అన్నాను. ఏం చెయ్యను?

ఇంటికి వచ్చి దుప్పటి సంగతి రవికి చెప్పాను. "పెద్దమ్మ నిజం విమానం అనుకుంటుందని నాకేం తెలుసమ్మా?" అన్నాడు. అనుకోకేం చేస్తుంది? కన్నతల్లిని ఇంట్లోనే కూర్చోబెట్టి, తోడబుట్టిన దాని ఇంటిని తెర మీద బొమ్మగా చూపించి సరిపెట్టేవాడు ఉంటాడని ఆమె ఎందుకనుకోవాలి? నాకింకా కోపం తగ్గలేదు. నువ్వు కూడా గట్టిగా అడుగు. చిన్నవాడు పోనీలే అనకు, వాడికి నలభై ఆరేళ్లు.

అక్కకు ఉసిరికాయ పచ్చడి తినాలని ఉందట. వదినను అడిగి చిన్న సీసా పంపించు. నాకు వద్దు.

ఈ ఆదివారం పదకొండింటికి నేను అక్క మంచం పక్కన కుర్చీలో ఉంటాను. రవి కూడా ఉంటాడు, కింద చాప మీద. ఆ దుప్పటి వాడి చేతే మడత పెట్టిస్తాను.

వదినకు నా నమస్కారాలు. మీ ఇద్దరి దీవెనలు మా అక్కచెల్లెళ్లిద్దరికీ ఉండాలని కోరుతూ,

నీ చెల్లెలు
రాజ్యలక్ష్మి