అబ్బా నంబర్

మేళ్లచెరువు,
సెప్టెంబరు 2020

ప్రియమైన బిడ్డ హఫ్సాకు, అబ్బా దీవెనలు.

కరోనా వల్ల మీ హాస్టల్ బడి మూసేసి పాఠాలన్నీ ఫోన్లోనే చెబుతున్నారని అమ్మీ చెప్పింది. మనకున్నది ఒక్క ఫోన్, అదీ నా దగ్గర. అందుకే సిమ్ముతో సహా లారీ నడిపే జానయ్య చేతికిచ్చి పంపుతున్నాను. ఫ్యాక్టరీలో సిమెంటు సంచులెత్తేవాడికి ఫోనెందుకు? నీ పదో తరగతి పోతే మళ్లీ రాదు. ఇకమీదట ఉత్తరాలే. వారానికోసారి జానయ్య తెస్తాడు, తీసుకుపోతాడు. అవసరమైతే నా గదిలో ఉండే ఆలేరు గుర్వయ్యకో, మా ఫ్యాక్టరీ మేస్త్రీకో ఫోన్ చేయి. దాదీ జాగ్రత్త.

నీ అబ్బా,
పీర్ మహమ్మద్

మర్రిగూడ

ప్రియమైన అబ్బాకు, సలాం.

ఫోన్ అందింది. మా బడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు గదికి తాళమేసి, దుమ్ము దులపడానికి మాత్రమే తీసేవారు. ఇప్పుడు బడే మన మిద్దె ఎక్కింది! పాఠాలకు సరిపడా నెట్ అక్కడే వస్తుంది మరి.

ఒక్కమాట, కోప్పడకు. నిన్న నువ్వు గుర్వయ్య మామ ఫోన్‌తో చేయగానే పాఠం తెగిపోయింది. అప్పుడే మెర్సీ టీచర్ నా పేరు పిలిచారట. హాజరు పడలేదు. పాఠాల వేళ చేయకు అబ్బా. దాదీకి దగ్గు తగ్గలేదు. ఫోన్ కనిపిస్తే చాలు, "గా ఫోన్ల మా పీరు ఉన్నడా? జర మాట్లాడియ్యి బిడ్డా" అంటుంది. నవ్వొస్తుంది.

నీ ముద్దుల బిడ్డ,
హఫ్సా

మేళ్లచెరువు

ప్రియమైన హఫ్సా,

నాది రాత్రి డ్యూటీ. తీరిక దొరికేదే పగలు. అయినా ఇక చేయనులే. నీ చదువుకన్నా నా ముచ్చట్లు ఎక్కువా? పత్తి ఏరేనాటికి వచ్చి పక్కనే కూర్చుని మాట్లాడతానని దాదీకి చెప్పు.

నీ అబ్బా

మర్రిగూడ

అబ్బా,

ఎలా రాయాలో తెలియడం లేదు. మంగళవారం దాదీ పోయింది.

పొద్దున ఆయాసం ఎక్కువైంది. దవాఖానకు పోదామంటే వద్దంది. "నా కొడుకుతోటి ఒక్క మాట మాట్లాడియ్యుండ్రి, గంతే" అంది. గుర్వయ్య మామకు చేస్తే, "నేను ఆలేరుకొచ్చి వారమాయె బిడ్డా" అన్నాడు. మీ మేస్త్రీ ఎత్తలేదు. అమ్మీ ఏడుస్తూ, "మీ అబ్బాకు చెయ్యే, జల్ది చెయ్యే" అని అరిచింది.

చేశాను అబ్బా. నీ నంబర్ నాకు నోటికొచ్చు కదా. బిజీ అని వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ బిజీ. "అబ్బా ఎవరితోనో మాట్లాడుతున్నాడు దాదీ, అయిపోగానే నీతో మాట్లాడతాడు" అన్నాను. నా చేతిలో ఉన్నదే నీ ఫోనని ఆ గాబరాలో తట్టనేలేదు.

దాదీ నమ్మింది. "మాట్లాడనియ్యి. అయినంక వాడే జేస్తడు" అంటూ ఫోన్ తీసుకుని గుండెల మీద పెట్టుకుంది. దాని మీది చెయ్యి మేమే తీయాల్సి వచ్చింది.

మేస్త్రీకి మళ్లీ మళ్లీ చేస్తూ నీకోసం సాయంత్రం దాకా ఆపి మట్టి చేశారు. అందరూ వెళ్లాక ఫోన్ మోగింది. నువ్వేనని పరుగెత్తాను. మెర్సీ టీచర్, పాఠానికి ఎందుకు రాలేదని.

జానయ్య శుక్రవారం గానీ రాడు. నీకు అప్పటిదాకా దాదీ బతికే ఉంటుంది అబ్బా.

హఫ్సా