బొట్టు పెట్టించుకున్న గన్ సేఫ్

నాన్నా,

నువ్వు లేకుండా వచ్చిన నీ మొదటి పుట్టినరోజు. పాయసం చేశాం. ఇంకో సంగతి చెబితే నువ్వు రెండో గిన్నె అడుగుతావు: గన్‌కి సేఫ్ కొన్నాం. విమానమెక్కి మా ఊరు కాపెల్ వచ్చినప్పుడల్లా, "పసిపిల్ల తిరిగే ఇంట్లో తుపాకీని షెల్ఫ్ మీద పెడతారా?" అని పోట్లాడేవాడివి కదా. నీ మనవరాలు ఇప్పుడు కుర్చీ జరుపుకొని మరీ పైకెక్కుతోంది.

సేఫ్ దానికి తెరుచుకోకూడదు, మాకు చీకట్లోనైనా చిటికెలో తెరుచుకోవాలి. నంబర్ నొక్కేవీ చూశాం కానీ, నంబర్లు మర్చిపోవడం మన వంశంలోనే ఉంది. అందుకే వేలిముద్రతో తెరుచుకునేది కొన్నాం. నీ అల్లుడు కిరణ్ దాన్ని గోడకి బిగించి, గన్ లోపల పెట్టి మూశాడు. మళ్లీ తెరవబోతే ఎర్రలైటు వెలిగి బీప్‌మంది. ఎన్నిసార్లు వేలు పెట్టినా అంతే. చూస్తే వేలికి కుంకుమ!

"అత్తయ్యా, సెన్సర్ మీద బొట్టు పెట్టారా?"

"కొత్త వస్తువు కదా బాబూ, నున్నగా ఉన్న చోట చూసి పెట్టాను," అంది అమ్మ.

నవ్వలేక చచ్చాం. తుడవగానే ఠక్కున తెరుచుకుంది.

తాళం వేశాక నువ్వు మూడుసార్లు లాగి చూస్తుంటే కిరణ్ ఎంత ఏడిపించేవాడో గుర్తుందా? ఇవాళ సేఫ్ మూసి, తనే రెండుసార్లు లాగి చూసి వెనక్కి తిరిగాడు.

మూడోసారి అమ్మ లాగింది.