ట్యూబింగెన్‌లో వాకబు

నేపర్‌విల్,
14 ఏప్రిల్ 1985, ఆదివారం.

చిరంజీవి ప్రమోదకు నాన్న మనసారా దీవించి రాసేది.

ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని తలుస్తానని రాయాలి గానీ, బాగాలేవని నీ ఉత్తరమే చెబుతోంది. అందుకని ఆ మాట రాయను.

ఆదివారం ఎలాగూ ఫోన్ చేస్తాం కదా, మళ్ళీ ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్ చేస్తే మీ అమ్మ బెడ్‌రూమ్‌లో రెండో ఫోన్ ఎత్తి, నేను ఒక మాట అనేలోపు నాలుగు మాటలు అందుకుంటుంది. అదొక్కటే కాదులే. నేను చెప్పాల్సింది నోటితో మొదలుపెడితే దబాయింపులోకి దిగిపోతాను. నా సంగతి నాకు తెలుసు. కాగితం మీద దబాయించడం కొంచెం కష్టం. గుంటూరులో ఒకటో తరగతి చదివి వచ్చిన పిల్లవి, ఆ తర్వాత ఏడేళ్ళపాటు ప్రతి ఆదివారం డైనింగ్ టేబుల్ దగ్గర నిన్ను ఏడిపించి మరీ తెలుగు చదివించాను. అది ఇవాళ పనికొస్తుంది. నెమ్మదిగా చదువుకో. కష్టంగా ఉందని అక్కడ మాడిసన్‌లో రేణు ఆంటీ దగ్గరికి మాత్రం పట్టుకెళ్ళకు. ఇది నీ ఒక్కదానికే.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. తేలికవి ముందు చెబుతాను.

మొదటిది, ఇక్కడి రైస్ కుక్కర్ జర్మనీ తీసుకెళ్ళొచ్చా అని. వద్దు. మనది నూటపది వోల్టులు, వాళ్ళది రెండువందల ఇరవై. పెట్టిన నిమిషానికి కుక్కరూ పోతుంది, ఆ ఇంట్లో ఫ్యూజూ పోతుంది. కానీ మనం ఇండియా నుంచి వచ్చేటప్పుడు మీ అమ్మ పట్టుబట్టి తెచ్చిన కరెంటు పొయ్యి గుర్తుందా? పద్నాలుగేళ్ళుగా బేస్‌మెంట్‌లో పడి ఉంది. నేనెన్నిసార్లు పారేద్దామన్నా "ఉండనివ్వండి, తిండి పెడుతున్నామా దానికి?" అనేది. అది రెండువందల ఇరవైది! మొన్న దులిపి, కాయిల్ చూశాను, బాగుంది. ప్లగ్ ఒక్కటి మార్చాలి. ఇండియా పొయ్యి అమెరికాలో పనికిరాక యూరప్‌లో పనికొస్తోందని మీ అమ్మ తెగ మురిసిపోతోంది. అప్పుడే దాన్ని పాత స్వెటర్‌లో చుట్టి పెట్టేసింది.

రెండోది, సంతకం. మీ కాలేజీ ప్రోగ్రాం తరఫున ఏడాదిపాటు జర్మనీలో చదువుకోవడానికి తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన కాగితం నువ్వు రెండుసార్లు పంపావు. మొదటిది ఎక్కడో పెట్టి మర్చిపోయానన్నాను. మర్చిపోలేదు. నా బ్రీఫ్‌కేసులోనే ఉంది. రోజూ ట్రైన్‌లో ఆఫీస్‌కి నాతోనే వచ్చి, నాతోనే ఇంటికొచ్చేది. చికాగో వెళ్ళేలోపు తీసి చూడటం, మళ్ళీ లోపల పెట్టడం. సంతకం పెట్టాలంటే చెయ్యి వచ్చేది కాదు. ఇప్పుడు పెట్టాను. ఈ కవర్లోనే ఉంది.

ఇక మూడోది. దీని గురించే ఈ ఉత్తరం.

ఫిబ్రవరిలో నీ గది ఖాయమైందని ఎంత సంబరంగా ఫోన్ చేశావో నా చెవుల్లో ఇంకా ఉంది. ట్యూబింగెన్‌లో యూనివర్సిటీకి నడిచి వెళ్ళేంత దూరం, కెల్లర్ గారని రిటైరైన టీచరు, మేడ మీద గది, కిటికీలోంచి నది కనిపిస్తుందట అన్నావు. మార్చిలో ఆవిడ నీకు గది ఇవ్వనని ప్రోగ్రాం వాళ్ళకి ఒక్క ముక్క రాసేసింది. కారణం చెప్పలేదు. నీ ఉత్తరంలో నువ్వు రాసింది ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే మూడు వారాలుగా అదే నన్ను తినేస్తోంది. "నా ఫొటో చూసి వద్దనుకుందేమో నాన్నా. బొట్టు లేకుండా దిగాల్సింది. ఒక ఇంట్లోకే రానివ్వకపోతే ఏడాదంతా ఎలా ఉంటాను? మే ఒకటిలోగా చెప్పాలి. మానేస్తానని చెప్పేద్దామనుకుంటున్నాను" అన్నావు.

కారణం నీ ఫొటో కాదమ్మా. నీ బొట్టూ కాదు. నేను.

కాస్త ఓపిక పట్టు, మొదటినుంచీ చెబుతాను. నా పెళ్ళికి ముందు మీ అమ్మ వాళ్ళ బాబాయి నా గురించి వాకబు చేయడానికి కాకినాడ వచ్చాడు. అప్పుడు నేను కాలేజీ అయిపోయి, అక్కడే చిన్న ఉద్యోగం చేస్తూ లాడ్జిలో ఉండేవాణ్ణి. ఆయన రెండు రోజులు ఎదురుగా టీకొట్లో కూర్చున్నాడు. టీకొట్టు వాణ్ణీ, ఇస్త్రీ బండి వాణ్ణీ, మెస్ ఓనర్నీ అందర్నీ అడిగాడు. అబ్బాయి మంచివాడే గానీ పెరుగు తక్కువైతే కంచం తోసేస్తాడని మెస్ ఓనరు చెప్పాడట. అయినా పిల్లనిచ్చారు. నాకెప్పుడూ కోపం రాలేదు. ఆడపిల్లని ఒక ఇంటికి పంపేటప్పుడు నలుగుర్ని అడగడం పెద్దల బాధ్యత అనే అనుకుంటూ పెరిగాను. పైగా నా ఉద్యోగం చూడు. వెల్డింగ్ జాయింట్లకి ఎక్స్‌రే తీయించి, పగులుందా లేదా చూడనిదే సంతకం పెట్టను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని.

నువ్వు కెల్లర్ గారి అడ్రస్ పంపగానే స్టుట్‌గార్ట్‌లో ఉన్న దామోదర్‌కి రాశాను. నా కాలేజీ క్లాస్‌మేట్. నీ పదో ఏట మనింటికి వచ్చాడు, ముక్కుతో నవ్వుతాడని నువ్వు వెక్కిరించేదానివి. పదకొండు ప్రశ్నలు నంబర్లు వేసి మరీ పంపాను. ఇంటికి ఎవరెవరు వచ్చిపోతుంటారు? పెళ్ళీడుకొచ్చిన కొడుకులున్నారా? తాగుతుందా? భర్త ఎలా పోయాడు? మేడ మీది గదికి గడియ లోపలినుంచి ఉందా? ఇలా. ఆవిణ్ణి మాత్రం కలవొద్దు, చుట్టుపక్కల వాళ్ళనే అడుగు అని కింద గీత గీసి రాశాను.

దామోదర్ పని అప్పజెబితే వదిలే మనిషి కాదు. ఒక శనివారం ట్రైన్ ఎక్కి వెళ్ళాడు. వీధి చివర బేకరీలో అడిగాడు, పోస్ట్‌మాన్‌ని ఆపి అడిగాడు, పక్కింట్లో తోట పని చేసుకుంటున్న ముసలాయన్ని అడిగాడు. సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. "ఒరేయ్ అచ్యుతం, ఫస్ట్ క్లాస్ మనిషిరా! ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు. కళ్ళు మూసుకుని పంపించు" అన్నాడు. నేను గర్వపడిపోయాను. నాలాంటి తండ్రి ఎవరికుంటాడు అనుకున్నాను! పది రోజుల తర్వాత ఆవిడ వద్దన్న కబురు నీ నోట విన్నాను.

విన్న క్షణంలోనే నాకు తెలిసిపోయింది ప్రమోదా. బేకరీ ఆవిడ చెప్పి ఉంటుందని అప్పుడే తెలిసింది. అయినా నోరు విప్పలేదు. రెండు ఆదివారాలు నువ్వు ఫోన్‌లో ఏడ్చావు. "పోనీలే, మన మంచికే అయింది" అన్నాను. ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను, ఇది మీ అమ్మకి కూడా మొన్నటిదాకా చెప్పలేదు. నాకు లోపల సంతోషం వేసింది. నువ్వు ఏడుస్తుంటే ఇక్కడ నేను హమ్మయ్య అనుకున్నాను. నా పిల్ల సముద్రం దాటి పోదు, సెలవులకి రెండున్నర గంటలు డ్రైవ్ చేసి తెచ్చుకోవచ్చు, అంతే. వాకబు చేయించింది ఆవిడ మంచిదా కాదా తెలుసుకోవాలని కాదు. ఎక్కడో ఒక పగులు దొరక్కపోతుందా అని వెతికాను. ఏదీ దొరకలేదు, నేనే పగలగొట్టాను.

ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది. బొట్టు లేకుండా దిగాల్సింది అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. మిడిల్ స్కూల్లో పిల్లలు ఏడిపిస్తే నువ్వు బొట్టు చెరిపేసుకుని ఇంటికొచ్చావు. ఎవరికోసమూ చెరుపుకోవద్దని నీకు చెప్పింది నేనే. ఇప్పుడు నా పనివల్ల నువ్వు మళ్ళీ ఆ మాట అన్నావు. నన్ను క్షమించమ్మా. ఇంతకంటే పెద్ద మాట నాకు రాదు.

ఆ రోజే ఆఫీస్‌కి సెలవు పెట్టి కెల్లర్ గారికి రాశాను. ఇంగ్లిష్‌లో, ఐదుసార్లు చింపి ఆరోసారి రాశాను. మా అమ్మాయికి ఏమీ తెలియదు, అడిగించింది నేను, మా దేశంలో ఆడపిల్లను పంపే ముందు ఇలా అడుగుతారు, అది ఇంకో దేశంలో ఎలా ఉంటుందో ఆలోచించలేదు, శిక్ష వేస్తే నాకు వేయండి, ఆమెకు వద్దు అని. మొన్న శుక్రవారం జవాబు వచ్చింది. ఆవిడ ఇంగ్లిష్ టీచరట, నాకంటే చక్కగా రాసింది. నీకోసం తెలుగులో పెడుతున్నాను.

"మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను పుట్టిన ఇల్లు ఇదే. నాకు పన్నెండేళ్ళప్పుడు మా వీధిలోకి ఒక మర్యాదైన మనిషి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని ఈ బేకరీలోనే, ఇప్పుడున్నావిడ తల్లిని అడిగాడు, ఆ ఇంటికి ఎవరెవరు వచ్చిపోతుంటారు అని. వారం తిరక్కుండా రహస్య పోలీసులు మా నాన్నను తీసుకెళ్ళారు. ఆయన అచ్చాఫీసులో పనిచేసేవారు. రెండేళ్ళకి తిరిగొచ్చారు గానీ చనిపోయేదాకా గట్టిగా మాట్లాడలేదు. మొన్న బేకరీ ఆవిడ వచ్చి, ఒకాయన టోపీ చేతిలో పట్టుకుని మీ ఇంటికి ఎవరెవరు వస్తారని అడిగాడండీ అంది. నాకు అరవై ఏళ్ళన్న సంగతి మర్చిపోయాను. ఆ రాత్రి తలుపులన్నీ వేసుకున్నాను."

ఆ ప్రశ్న నాదేనమ్మా. ఎవరెవరు వచ్చిపోతుంటారు అన్నది నా పదకొండింట్లో మొదటిది. నంబర్ ఒకటి. నా చేత్తో రాశాను. ఎక్కడో కాకినాడ టీకొట్లో మామూలుగా అడిగే మాట, అక్కడ ఒక చిన్నపిల్ల ఇంట్లోంచి తండ్రిని పట్టుకుపోయిన మాట అని నాకెలా తెలుస్తుంది? తెలియదు. అయితే తెలుసుకోకుండానే అడిగాను, అదీ నిజమే.

అప్పుడు మీ అమ్మకి అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. వంటింట్లో నిలబడి చేతులు తుడుచుకుంది. "మా బాబాయి మీ గురించి రెండు రోజులు అడిగాడండీ. ఆ తర్వాత నన్ను నమ్మి పంపించేశారు. అమెరికా అన్నా పంపించారు. మళ్ళీ ఎవరూ ఎవర్నీ అడగలేదు. మీరు మన పిల్ల గురించి ఇరవై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు" అంది. తర్వాత అన్నం పెట్టింది. పెరుగు ఎప్పటికంటే ఎక్కువే వేసింది. మెతుకు మిగల్చకుండా తిన్నాను.

కెల్లర్ గారు చివర ఇంకా రాశారు. "మీ అమ్మాయి ఫొటో నా టేబుల్ మీదే ఉంది. నుదుటి మీద ఆ చుక్క ఏమిటో అడగాలని అప్పుడే అనుకున్నాను. గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వాలంటే ఆమె నాకు స్వయంగా రాయాలి. జర్మన్ ఎంత తప్పులతో ఉన్నా ఫరవాలేదు. మీరు మాత్రం ఇంక రాయకండి." ఇదీ ఆవిడ మాట. చాలా న్యాయంగా ఉంది.

ఆ కవర్లోనే ఇంకో చిన్న కవరు ఉంది, నీ పేరుతో, అంటించి. దీనితో పాటు పెడుతున్నాను. తెరవలేదు. నిజం చెప్పాలంటే టేబుల్ లైటు దగ్గర పట్టి చూశాను, ఏమీ కనబడలేదు, మందం కవరు. ఆవిరి పడితే జిగురు ఊడుతుందని కెటిల్ పొయ్యి మీద పెట్టాను కూడా. నీళ్ళు మరిగాయి. ఆ నీళ్ళతో టీ పెట్టుకుని తాగాను.

వెళ్ళమని చెప్పను, వద్దని చెప్పను. సంతకం చేసిన కాగితం నీ దగ్గరుంది, ఆవిడ కవరు నీ దగ్గరుంది, మే ఒకటికి ఇంకా రెండు వారాలుంది. ఏం నిర్ణయించుకున్నావో వచ్చే ఆదివారం నువ్వే చెప్పు. చెప్పకపోయినా ఆ రోజు నేను అడగను. మీ అమ్మ అడిగితే ఫోన్ తనకిచ్చేస్తాను. నామీద కోపం ఉంటే ఉండనీ, అది నీ హక్కు. కానీ ఆవిడకి రాసేటప్పుడు నుదుటి మీది చుక్క గురించి మాత్రం నువ్వే చెప్పు తల్లీ, నీకు తెలిసినట్టు.

కరెంటు పొయ్యికి ప్లగ్ మార్చేశాను.

ఇట్లు,
ఇరవై ఏళ్ళలో మొదటిసారి నీ కవరు తెరవకుండా పంపిస్తున్న
మీ నాన్న
అచ్యుతరావు